యూరప్ ప్రభుత్వ టెండర్లలో ఎలక్ట్రానిక్ సంతకం: ప్రకటన నుంచి ఇన్వాయిస్ దాకా

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో టెండరు వేసినవారికి పద్ధతి తెలిసిందే: క్లాస్ 3 డీఎస్సీ తీసుకోవాలి, టోకెన్‌ను కంప్యూటర్‌కు పెట్టాలి, పిన్ కొట్టాలి, పత్రాలన్నింటికీ అదే సంతకం చేసి పంపాలి. (డీఎస్సీ అనగానే ఉపాధ్యాయ నియామక పరీక్ష గుర్తొచ్చే ఇళ్లే మన దగ్గర ఎక్కువ, టెండరుదారుల ఇళ్లలో మాత్రం అది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్.) ఈ అలవాటుతో యూరోపియన్ యూనియన్ టెండర్లలోకి అడుగుపెట్టినవారు రెండు విధాల పొరబడతారు. సంతకమే అడగని చోట సర్టిఫికెట్ కోసం వారాలు పోగొట్టుకుంటారు. గట్టి సంతకం అడిగిన చోట స్కాన్ చేసిన సంతకాన్ని అతికించి బిడ్‌నే పోగొట్టుకుంటారు.

దీనికి కారణం ఆ వ్యవస్థ అల్లికలోనే ఉంది. 27 దేశాలకు చట్టం ఉమ్మడిది, పోర్టళ్లు ఎవరివి వారివి. టెండరు ప్రకటన వెలువడే మొదటి కొస, ఇన్వాయిస్ వెళ్లే చివరి కొస చాలావరకు ఉమ్మడి ప్రమాణాల్లోకి వచ్చాయి; నడుమ బిడ్ దాఖలు చేసే భాగం మాత్రం ఇప్పటికీ దేశానికో తీరు. అందువల్ల "నాకు ఏ సంతకం కావాలి" అనే ప్రశ్నకు యూరప్ మొత్తానికీ ఒకే జవాబు లేదు. ఈ టెండరు ఏ పత్రంపై, ఎవరి చేత, ఏ స్థాయి సంతకం అడుగుతోందని ప్రతిసారీ చూసుకోవలసిందే. యూరప్‌లో సంస్థ నడుపుతున్న తెలుగువారిని, అక్కడ అనుబంధ సంస్థ ఉన్న హైదరాబాద్, విశాఖ కంపెనీలను దృష్టిలో పెట్టుకుని, పనులు జరగవలసిన వరుసలోనే కింద వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: బిడ్ వేసే హక్కు ఎవరి పేరున ఉంది

సంతకం గురించి ఆలోచించే ముందు తేల్చుకోవలసిన విషయమిది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఆధ్వర్యంలోని ప్రభుత్వ కొనుగోళ్ల ఒప్పందంలో భారత్ సభ్యదేశం కాదు, 2010 నుంచి పరిశీలక హోదాలో మాత్రమే ఉంది. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2024 అక్టోబర్ 22న కోలిన్ కేసులో, అంటే సి-652/22లో, ఇచ్చిన తీర్పు ఈ సంగతిని మరింత స్పష్టం చేసింది. క్రొయేషియాలో ఒక రైలు మార్గం పనికి తుర్కియే సంస్థ వేసిన బిడ్ నుంచి పుట్టిన వివాదమది. కొనుగోళ్లలో సమాన, పరస్పర ప్రవేశాన్ని హామీ ఇచ్చే ఒప్పందం యూనియన్‌తో లేని దేశాల సంస్థలు అక్కడి టెండర్లలో సమాన గౌరవాన్ని హక్కుగా అడగలేవనీ, వాటిని రానివ్వాలా వద్దా అన్నది కొనుగోలు చేసే కార్యాలయమే నిర్ణయించుకోవచ్చనీ న్యాయస్థానం చెప్పింది. తలుపు పూర్తిగా మూసేయలేదు గాని, తాళం కార్యాలయం చేతిలో ఉంది.

కనుక భారతీయ సంస్థ పేరున నేరుగా వేయదలచినవారు, ఇతర దేశాల సంస్థలకు అనుమతి ఉందా అని పోర్టల్‌లోని ప్రశ్నల విభాగం ద్వారా ముందే రాతపూర్వకంగా అడగడం మేలు. ఏదైనా సభ్యదేశంలో చట్టబద్ధంగా నమోదై అక్కడ స్థిరపడిన సంస్థకు ఈ చిక్కు లేదు.

రెండో మెట్టు: ప్రకటనను క్షేత్రాల వారీగా చదవడం

నిర్ణీత విలువ దాటిన టెండర్లన్నీ యూనియన్ అధికార పత్రికకు అనుబంధమైన టెడ్‌లో వెలువడతాయి. చూడటానికి రుసుము లేదు. 2026, 2027 సంవత్సరాలకు ఆ పరిమితి వస్తువులు, సేవల విషయంలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు 1,40,000 యూరోలు, పురపాలక, ప్రాంతీయ కార్యాలయాలకు 2,16,000 యూరోలు, నిర్మాణ పనులకు 54,04,000 యూరోలు. అంతకంటే చిన్నవి ఆయా దేశాల సొంత పోర్టళ్లలో, సొంత నియమాలతో నడుస్తాయి.

వెతకడానికి పదాలకంటే సీపీవీ సంకేతాలు నయం. ఎనిమిది అంకెలు, వాటి పక్కన ఒక సరిచూపు అంకె ఉండే ఈ వర్గీకరణ ఏ భాషా ప్రకటనలోనైనా ఒకటే: ఐటీ సేవలకు 72000000, ప్రోగ్రామింగ్, సలహా సేవలకు 72200000, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలకు 48000000. జర్మన్‌లో ఉన్నా, పోలిష్‌లో ఉన్నా సంకేతం మీకు దారి చూపుతుంది.

2023 అక్టోబర్ 25 నుంచి ఈ ప్రకటనలన్నీ ఈఫారమ్స్ అనే ఉమ్మడి నమూనాలోనే రావాలి. ప్రతి సమాచారానికి ఒక క్షేత్రం, ప్రతి క్షేత్రానికి ఒక సంఖ్య ఉంటాయి. మనకు ముఖ్యమైనవి మూడు. బీటీ-17 ఎలక్ట్రానిక్ దాఖలు తప్పనిసరా, అనుమతి మాత్రమేనా, అసలు లేదా అన్నది చెబుతుంది. బీటీ-97 బిడ్ ఏ భాషలో ఉండవచ్చో చెబుతుంది. ఇక బీటీ-744లో అడ్వాన్స్‌డ్ లేదా క్వాలిఫైడ్ సంతకం, లేదా ముద్ర, అవసరమా కాదా అని సూటిగా ఉంటుంది (ఈ మాటల అర్థం మూడో మెట్టులో). అసలు ప్రశ్నకు మొదటి జవాబు అక్కడే దొరుకుతున్నా, దాన్ని దాటేసి వందల పేజీల టెండరు పత్రాల్లో వెతికేవారే ఎక్కువ. అయితే ఆ క్షేత్రంతోనే ఆగిపోకూడదు. "అవును" అని ఉంటే ఏ స్థాయి, ఏ ఫైలు రూపం, ఏ పత్రాలపై అన్నది టెండరు పత్రాల్లో ఉంటుంది. "కాదు" అని ఉన్నా, గెలిచాక కుదుర్చుకునే ఒప్పందానికి సంతకం వేరుగా అడగవచ్చు.

గడువునూ ఇక్కడే చూసుకోవాలి. ఎవరైనా బిడ్ వేయగలిగే ఓపెన్ పద్ధతిలో ప్రకటన పంపిన రోజు నుంచి కనీసం 35 రోజులు ఇవ్వాలి, బిడ్లను ఎలక్ట్రానిక్‌గా స్వీకరిస్తే దాన్ని 30కి తగ్గించవచ్చు. చేతిలో సర్టిఫికెట్ లేనివారికి ఈ 30 రోజులు కనిపించినంత పెద్దవి కావు.

మూడో మెట్టు: సంతకాల స్థాయిలు, దేశాల తీరు

ఎలక్ట్రానిక్ సంతకాలపై 1999లో వచ్చిన ఆదేశం స్థానంలో, 910/2014 సంఖ్య గల ఈఐడాస్ నియమావళి 2016 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సంతకాలు మూడు స్థాయిలు. ఈమెయిల్ చివర టైప్ చేసిన పేరు కూడా సాధారణ ఎలక్ట్రానిక్ సంతకమే. సంతకందారుకు మాత్రమే చెందుతూ, అతణ్ని గుర్తించగలిగేలా ఉండి, ఆ తరవాత పత్రంలో అక్షరం మారినా బయటపడేలా చేసేది అడ్వాన్స్‌డ్ సంతకం. ఆ గుణాలన్నీ ఉంటూ, క్వాలిఫైడ్ సర్టిఫికెట్ ఆధారంగా, ధ్రువీకరించిన పరికరంతో చేసినది క్వాలిఫైడ్ సంతకం. చేతి సంతకంతో సమానమైన చట్టబలం ఈ మూడోదానికే ఉంది, పైగా ఒక సభ్యదేశంలో పొందిన క్వాలిఫైడ్ సంతకాన్ని మిగతా సభ్యదేశాలన్నీ అంగీకరించి తీరాలి.

వ్యక్తి చేసేది సంతకం, సంస్థ పేరున వేసేది ఎలక్ట్రానిక్ ముద్ర. మన కార్యాలయాల్లో సంతకం కింద వేసే రబ్బరు స్టాంపుతో దీన్ని పోల్చుకోకండి. పత్రం ఆ సంస్థ నుంచే వచ్చిందనీ, మారలేదనీ నిరూపించే సాంకేతిక ఆధారమిది. టెండరు ముద్రను ఒప్పుకుంటుందని రాసి ఉంటే తప్ప సంతకం బదులు ముద్ర వేయకూడదు.

ఇక దేశాల తీరు. ప్రభుత్వ కొనుగోళ్లపై ఉన్న 2014/24 ఆదేశం 22వ అధికరణ ప్రకారం, ప్రమాద స్థాయిని బట్టి అవసరమని తేలితేనే కార్యాలయం అడ్వాన్స్‌డ్ సంతకం అడగాలి. అలా అడిగినప్పుడు, ట్రస్టెడ్ లిస్ట్‌లో, అంటే సభ్యదేశాలు ఆమోదించిన సేవాసంస్థల జాబితాలో, ఉన్న సంస్థ ఇచ్చిన క్వాలిఫైడ్ సర్టిఫికెట్‌తో ఎవరైనా సంతకం చేస్తే అదనపు షరతులతో అడ్డుపడకూడదు. ఈ స్వేచ్ఛను ఒక్కో దేశం ఒక్కోలా వాడుకుంది. జర్మనీలో చాలా బిడ్లకు టెక్స్ట్‌ఫార్మ్ చాలు, అంటే చదవగలిగే రూపంలో ప్రకటన ఉండి, దాన్ని చేస్తున్న వ్యక్తి పేరు స్పష్టంగా ఉండాలి. ఇది తేలిక అనుకుంటాం గాని, ఫారంలో పేరు రాయవలసిన గడిని ఖాళీగా వదిలేసి కంపెనీ పేరు ఎలాగూ ఉందిలే అనుకున్నవారి బిడ్ ఆ ఒక్క కారణంతో పక్కకు పోవచ్చు. ఫ్రాన్స్‌లో బిడ్ దశలో సంతకం చట్టరీత్యా తప్పనిసరి కాదు, గెలిచినవారు ఒప్పందంపై చేస్తారు. పోలాండ్‌లో యూనియన్ పరిమితి దాటిన టెండర్లకు క్వాలిఫైడ్ సంతకం ఉండాల్సిందే. పరిమితి లోపువాటికి అక్కడి పౌరసేవల ఖాతాతో చేసే నమ్మక సంతకమూ చెల్లుతుంది. అది తెలియక, చిన్న టెండరులో నెగ్గిన అలవాటునే పెద్ద టెండరుకు మోసుకెళితే బిడ్ చెల్లకుండా పోతుంది.

నాలుగో మెట్టు: సర్టిఫికెట్ సంపాదించడం

మన కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ కింద జారీ అయిన డీఎస్సీ అక్కడ పనిచేస్తుందా అన్నది అందరికీ వచ్చే సందేహం. గణితపరంగా దానిలో లోపం లేదు, చట్టపరంగా మాత్రం అది క్వాలిఫైడ్ కాదు. యూరప్‌లో నమ్మకం ట్రస్టెడ్ లిస్ట్‌ల నుంచి పుడుతుంది: ప్రతి సభ్యదేశం తాను ఆమోదించిన సేవాసంస్థల జాబితా ప్రచురిస్తుంది, ఆ జాబితాలన్నింటికీ పై జాబితాను యూరోపియన్ కమిషన్ నిర్వహిస్తుంది. మన సర్టిఫైయింగ్ అథారిటీలు అందులో లేవు. అందుకే మన డీఎస్సీతో చేసిన సంతకాన్ని అక్కడి తనిఖీ సాధనంలో పెడితే చెల్లదని కాకుండా, నిర్ధారించలేమని ఫలితం వస్తుంది. బిడ్ తెరిచే కమిటీకి రెండూ ఒకటే.

ఏ సభ్యదేశంలోని సేవాసంస్థ నుంచైనా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. పోలాండ్ టెండరుకు పోలాండ్ సర్టిఫికెట్టే ఉండాలన్న నియమం లేదు. ఎంచుకున్న సంస్థ పేరు ట్రస్టెడ్ లిస్ట్‌లో కనిపించినంత మాత్రాన సరిపోదు. క్వాలిఫైడ్ సంతక సర్టిఫికెట్ల జారీ అనే సేవకు అనుమతి ఉందా, ఆ అనుమతి నేటికీ కొనసాగుతోందా అని చూడాలి, ఎందుకంటే ఒక సంస్థ టైమ్‌స్టాంప్‌కు, అంటే సమయాన్ని ధ్రువీకరించే సేవకు, మాత్రమే అనుమతి పొంది ఉండవచ్చు. సంతకం చేయడానికి వాడే రహస్య తాళంచెవి (డిజిటల్ కీ) కార్డులోనో టోకెన్‌లోనో ఉండే పద్ధతి ఒకటి, సేవాసంస్థ భద్ర పరికరంలో ఉండి మీరు ఫోన్ ద్వారా అనుమతించే రిమోట్ పద్ధతి ఇంకొకటి. యూరప్‌కీ మన ఊరికీ మధ్య తిరిగేవారికి రెండోదే అనుకూలం. టోకెన్‌ను హైదరాబాద్‌లో మరిచి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగిన మనిషి చేయగలిగింది ఏమీ లేదు.

గుర్తింపు తనిఖీ దగ్గర తెలుగు పేర్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటి ఉంది. మన కంపెనీ పత్రాల్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొన్నిసార్లు ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి అంతా ఒకే గడిలో ఉంటుంది. సర్టిఫికెట్‌లోకి పాస్‌పోర్టు పేరే వెళుతుంది. ఇక వాణిజ్య రిజిస్టర్‌లోనూ అధికార పత్రంలోనూ పేరు మరో తీరుగా ఉంటే, సంతకం చేసిన మనిషి, అధికారం పొందిన మనిషి ఒకరేనా అన్న సందేహం కమిటీకి రావడం సహజం. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసే ముందే ఈ మూడు చోట్లా అక్షరం అక్షరం సరిచూసుకోండి. సర్టిఫికెట్ మనిషిని గుర్తిస్తుందే గాని, కంపెనీ తరఫున సంతకం చేసే అధికారాన్ని ఇవ్వదు. రిజిస్టర్‌లో ఇద్దరు డైరెక్టర్లు కలిసి సంతకం చేయాలని ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి, లేదా ఒకరికి ఇద్దరూ సంతకం చేసిన అధికార పత్రం కావాలి.

2024లో వచ్చిన ఈఐడాస్ సవరణ ప్రకారం ప్రతి సభ్యదేశం 2026 చివరికల్లా డిజిటల్ గుర్తింపు వాలెట్ అందించాలి, దానితో వ్యక్తులకు ఉచితంగా క్వాలిఫైడ్ సంతకం దొరకాలి. ఆ ఉచిత సౌకర్యాన్ని వృత్తిపరం కాని అవసరాలకే పరిమితం చేసే వీలు దేశాలకు ఉంది కనుక, టెండర్ల కోసం దాని మీద ఆధారపడకపోవడం మంచిది.

ఐదో మెట్టు: ఈఎస్‌పీడీ నింపడం

అర్హత పత్రాలన్నీ బిడ్‌తోనే పంపే పాత పద్ధతికి బదులు, యూనియన్ పరిమితి దాటిన టెండర్లలో ఈఎస్‌పీడీ అనే స్వీయ ప్రకటన ఇస్తారు. 2018 ఏప్రిల్ 18 నుంచి ఇది ఎలక్ట్రానిక్ రూపంలోనే ఉండాలి. కార్యాలయం ఇచ్చిన ఎక్స్‌ఎంఎల్ ఫైలును దేశీయ సేవలోకి గాని పోర్టల్‌లోకి గాని ఎక్కించి, సంస్థ వివరాలు, అనర్హత కారణాలు లేవన్న హామీ, ఆర్థిక, సాంకేతిక అర్హతలు నింపి మళ్లీ దించుకోవాలి. సంఘంగా కలిసి వేసేటప్పుడు ప్రతి సభ్యసంస్థా విడిగా ఇవ్వాలి. హైదరాబాద్ మాతృసంస్థ అనుభవాన్నో ఆదాయాన్నో చూపి అర్హత పొందాలనుకుంటే ఆ మాతృసంస్థ కూడా తన ఈఎస్‌పీడీ ఇవ్వాలి. దానికీ సంతకం అడిగితే హైదరాబాద్‌లోని డైరెక్టర్‌కూ యూరప్ సర్టిఫికెట్ కావలసి వస్తుంది. ఆఖరి వారంలో ఎదురయ్యే చిక్కుల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది.

గెలిచే దశకు చేరినవారు అసలు పత్రాలు చూపాలి. ఒక దేశపు పన్ను బకాయి లేదన్న పత్రానికి మరో దేశంలో సమానమైనది ఏదో ఈసెర్టిస్ అనే కమిషన్ సేవలో చూడవచ్చు. చిన్న సంస్థలకు ఉపయోగపడే సంగతి మరొకటి: ప్రత్యేక కారణం చూపితే తప్ప, కాంట్రాక్టు అంచనా విలువకు రెండింతలు మించిన వార్షిక ఆదాయం ఉండాలని కార్యాలయం షరతు పెట్టకూడదు.

ఆరో మెట్టు: సంతకం చేయడం, తనిఖీ చేయడం

ఫైలు రూపాలు నాలుగు. పీడీఎఫ్ లోపలే సంతకం ఇమిడేది పేడెస్. ఎక్స్‌ఎంఎల్ పత్రాలకు ఎక్సేడెస్. ఏ ఫైలునైనా సంతకంతో కలిపి చుట్టేది కేడెస్. ఇటలీలో కనిపించే పీ7ఎం పొడిగింపు ఫైళ్లు ఇవే. కొన్ని ఫైళ్లను, వాటి సంతకాలను ఒకే సంచిలో పెట్టేది ఏసిక్. టెండరు వేరేగా చెప్పకపోతే పీడీఎఫ్‌లకు పేడెస్ ఎంచుకోండి, తెరిచి చూసేవారికి అదే సులువు. సంతకం ఫైలు విడిగా ఉండే పద్ధతిలో చేస్తే రెండు ఫైళ్లనూ ఎక్కించాలి. ఒకటి మరిచిపోతే సంతకం లేనట్టే.

క్రమం ముఖ్యం. పత్రాన్ని పూర్తిగా ముగించి, అనువాదాలు, ధరలు సరిచూసుకుని, పీడీఎఫ్‌గా మార్చి, ఆ తరవాతే సంతకం చేయాలి. సంతకం చేశాక పేజీ సంఖ్య చేర్చినా, సైజు తగ్గించే సాధనంలో వేసినా సంతకం చెడుతుంది. ఇద్దరు సంతకం చేయవలసినప్పుడు మొదటివారు పత్రానికి తాళం వేసే ఎంపిక పెట్టకూడదు. ముద్రించి, కలంతో సంతకం చేసి, స్కాన్ చేసిన పీడీఎఫ్ ఎంత అందంగా ఉన్నా క్వాలిఫైడ్ సంతకం కాదు. జిప్ ఫైలుకు ఒకే సంతకం చేయడాన్ని పోలాండ్ నిబంధనలు లోపలి పత్రాలన్నింటికీ చేసినట్టే భావిస్తాయి. ఇతర దేశాల్లో అలా రాసి లేకపోతే ప్రతి పత్రానికీ విడిగా చేయడమే క్షేమం.

పైన చెప్పిన మూడు స్థాయిలు కాక, సంతకం ఫైలులో ఎంత ఆధారం చేరిందన్నదాన్ని బట్టి బీ, టీ, ఎల్‌టీ, ఎల్‌టీఏ అనే స్థాయిలూ ఉంటాయి. బీలో సంతకం మాత్రమే ఉంటుంది. టీలో నమ్మదగిన టైమ్‌స్టాంప్ చేరుతుంది. ఎల్‌టీలో సర్టిఫికెట్ ఆ సమయానికి రద్దు కాలేదన్న ఆధారమూ ఫైలులోనే ఉంటుంది. ఎల్‌టీఏ దీర్ఘకాలం భద్రపరచడానికి. బిడ్ తెరిచే నాటికి మీ సర్టిఫికెట్ గడువు ముగిసే అవకాశం ఉంటే బీ సరిపోదు. నా సలహా ఎప్పుడూ కనీసం టీ.

పంపే ముందు, కమిషన్ అందించే డీఎస్ఎస్ అనే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రదర్శన పేజీలో తనిఖీ చేసుకోవచ్చు. టోటల్ పాస్డ్ అని వచ్చిందా, సంతకం స్థాయి దగ్గర క్వాలిఫైడ్ అని వచ్చిందా, రెండూ చూడాలి. మొదటిది ఉండి రెండోది లేకపోవడం జరుగుతుంది. ధరల పత్రం లాంటి రహస్యాలను బయటి పేజీలో ఎక్కించకుండా, అదే సర్టిఫికెట్‌తో సంతకం చేసిన ఉత్తుత్తి ఫైలుతో పరీక్షించండి.

ఏడో మెట్టు: దాఖలు

పోర్టల్‌లో ఖాతా, సంస్థ నమోదు, అవసరమైన సాఫ్ట్‌వేర్ వారం ముందే సిద్ధం చేసుకుని, ఖాళీ ఫైలుతో ప్రయత్నించి చూడాలి. గడువు లెక్క పోర్టల్ సర్వర్ గడియారానిది. బ్రస్సెల్స్, బెర్లిన్, వార్సాలో మధ్యాహ్నం 12 అంటే వేసవిలో మనకు 3:30, చలికాలంలో 4:30. మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాల్లో ఇది మారుతుంది. ఫైలు ఎక్కించడం వేరు, బిడ్ సమర్పించడం వేరు; చివరి బటన్ నొక్కి, సమయంతో కూడిన రసీదు వచ్చాకే పని అయినట్టు. గెలుపు నిర్ణయాన్ని ఎలక్ట్రానిక్‌గా తెలియజేశాక ఒప్పందం కుదుర్చుకునేందుకు కార్యాలయం కనీసం 10 రోజులు ఆగాలి. ఓడినవారు అభ్యంతరం చెప్పుకోవలసింది సాధారణంగా ఆ పది రోజుల్లోనే.

ఎనిమిదో మెట్టు: పెపోల్ ద్వారా ఇన్వాయిస్

దేశాల పోర్టళ్ల మధ్య గోడలు తొలగించాలని 2008లో మొదలై 2012 దాకా సాగిన ప్రయోగమే పెపోల్. సరిహద్దు దాటిన సంతకాల తనిఖీ, సంస్థల అర్హత పత్రాల సంపుటి, కేటలాగులు, ఆర్డర్లు, ఇన్వాయిస్‌లు అన్నీ అందులో భాగాలు. వాటిలో బాగా వేళ్లూనుకున్నవి సందేశాల రవాణా, ఇన్వాయిస్‌లు. నా దృష్టిలో దీనికి కారణం సరళం: ఇన్వాయిస్‌లో ఏముండాలో అందరూ ఒప్పుకోగలరు, బిడ్ ఎలా మూల్యాంకనం చేయాలో ఒప్పుకోలేరు. 2012 సెప్టెంబర్‌లో ఏర్పడిన ఓపెన్‌పెపోల్ సంఘం ఇప్పుడు దీన్ని నడుపుతోంది.

దీని నిర్మాణం నాలుగు మూలలది. మీరు ఒక మూల, మీ యాక్సెస్ పాయింట్ (మీ తరఫున పత్రాలు పంపే సేవాసంస్థ) రెండోది, కార్యాలయపు యాక్సెస్ పాయింట్ మూడోది, కార్యాలయం నాలుగోది. మీరు ఒక్క యాక్సెస్ పాయింట్‌తో ఒప్పందం చేసుకుంటే చాలు, ఏ ఫోన్ కంపెనీ నుంచైనా ఏ నంబరుకైనా మాట్లాడగలిగినట్టు మిగతావారికి చేరుతుంది. గ్రహీత గుర్తింపు సంఖ్యను బట్టి చిరునామా వెతకడం, పంపడం యాక్సెస్ పాయింటే చూసుకుంటుంది.

2014/55 ఆదేశం వల్ల, ఈఎన్ 16931 అనే యూరప్ ఈ-ఇన్వాయిస్ ప్రమాణానికి తగిన ఇన్వాయిస్‌ను ప్రభుత్వ కార్యాలయాలు స్వీకరించి తీరాలి. కేంద్ర కార్యాలయాలకు 2019 ఏప్రిల్, మిగతావాటికి 2020 ఏప్రిల్ గడువుగా ఉండేవి. పీడీఎఫ్ ఈమెయిల్ చేయడం ఈ లెక్కలోకి రాదు, యంత్రం చదివే ఎక్స్‌ఎంఎల్ కావాలి. ఇక్కడ సంతకం సంగతి తిరగబడుతుంది. మన జీఎస్టీ ఈ-ఇన్వాయిస్‌లో పోర్టలే డిజిటల్ సంతకం చేసి క్యూఆర్ కోడ్ ఇస్తుంది. పెపోల్ ఇన్వాయిస్‌కు అలాంటి కేంద్ర పోర్టల్ గాని, ఇన్వాయిస్ మీద తప్పనిసరి సంతకం గాని లేవు, భద్రత రవాణా మార్గంలోనే ఉంది. ఇటలీ ఇందుకు మినహాయింపు: ప్రభుత్వ కార్యాలయాలకు ఫత్తూరాపీఏ రూపంలో, సంతకం చేసి, ఎస్‌డీఐ అనే ప్రభుత్వ వ్యవస్థ ద్వారానే పంపాలి.

జర్మనీ ఫెడరల్ కార్యాలయాలకు 2020 నవంబర్ 27 నుంచి సరఫరాదారులు ఎలక్ట్రానిక్ ఇన్వాయిసే పంపాలి. 1,000 యూరోల లోపు నేరు కొనుగోళ్లకు మినహాయింపు ఉంది. అక్కడ లైట్‌వెగ్-ఐడీ అనే దారి సంఖ్యను కొనుగోలుదారు సూచిక గడిలో, అంటే ఇన్వాయిస్ ప్రమాణంలోని బీటీ-10లో (ప్రకటనల బీటీ సంఖ్యలు వేరు), రాయాలి. పెద్ద మంత్రిత్వ శాఖలో ఏ విభాగానికి చేరాలో చెప్పేది ఆ సంఖ్యే. లేకపోతే ఇన్వాయిస్ వెనక్కి వస్తుంది. ఒప్పందంపై సంతకం చేసే రోజే ఆ సంఖ్యనూ, ఆర్డరు సంఖ్యనూ అడిగి తీసుకోండి.

సరైన ఇన్వాయిస్ అందిన నాటి నుంచి సాధారణంగా 30 రోజుల్లో, ఆరోగ్య రంగం వంటి ప్రత్యేక సందర్భాల్లో గరిష్ఠంగా 60 రోజుల్లో, ప్రభుత్వ కార్యాలయం చెల్లించాలి. దాటితే యూరోపియన్ కేంద్ర బ్యాంకు సూచక రేటుకు పైన కనీసం 8 శాతం పాయింట్ల వడ్డీ, 40 యూరోల కనీస పరిహారం మీకు హక్కుగా వస్తాయి. ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో చూపేది యాక్సెస్ పాయింట్ ఇచ్చిన అందినట్టు రసీదు. దాన్ని బిడ్ రసీదు, సంతకాల తనిఖీ నివేదికలతో పాటు ఒకే ఫోల్డర్‌లో ఉంచుకోండి.